కాల్ ఫుట్‌బాల్: ఆట కావాలా వద్దా, పైవాళ్లు తేల్చి చెప్పాలి

ఫ్రీమాంట్_ఫణి
22 నవంబర్ 2025, రాత్రి 10:40

కాల్, అంటే మన బర్క్‌లీలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, దాని అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బేర్స్ 31-10తో ఓడింది. అదీ ఈ సీజన్‌లో ఇవాళ్టిదాకా మూడంటే మూడే మ్యాచ్‌లు గెలిచిన స్టాన్‌ఫర్డ్ చేతిలో. ఏటా జరిగే ఈ బిగ్ గేమ్ ట్రోఫీ, నాలుగేళ్లుగా మన దగ్గరున్న గొడ్డలి, పోయింది. ఓటమి బేర్స్ అభిమానికి కొత్తేమీ కాదు, దానికి ఏడవడం ఎప్పుడో మానేశాను. సెప్టెంబర్‌లో శాన్ డియాగో స్టేట్ 34-0తో ఉతికి ఆరేసినప్పుడు ఏం మాట్లాడారో ఇవాళా అవే మాటలు మాట్లాడుతున్నారు, అందుకే ఒళ్లు మండుతోంది.

కోచ్ జస్టిన్ విల్కాక్స్‌కి ఇది తొమ్మిదో సీజన్. ఇన్నేళ్లలో ఒక్కసారైనా కాన్ఫరెన్స్ (మన లీగ్) మ్యాచ్‌ల్లో ఓటముల కంటే గెలుపులు ఎక్కువున్నాయా? లేవు. మనిషి మంచివాడే, కాదనను. బర్క్‌లీ యూనివర్సిటీలో ఇన్నేళ్లు ఈ ఫలితాలు చూస్తూ సంతకాలు పెట్టినవాళ్లు ఎవరు, వాళ్లని అడిగేవాళ్లు ఎవరు? అది చెప్పండి ముందు.

స్టాన్‌ఫర్డ్_అల్లుడు
22 నవంబర్ 2025, రాత్రి 10:52

గొడ్డలి క్షేమం, ఏమీ దిగులు పడకండి 😀 మామగారు కాల్, నేను స్టాన్‌ఫర్డ్. ఇవాళ ఆయన భోజనం దగ్గర పెరుగన్నం తప్ప ఏదీ ముట్టలేదు. అత్తయ్యగారు "ఆయన్ని కదిలించకు బాబూ" అని ముందే హెచ్చరించారు.

ఫ్రీమాంట్_ఫణి
22 నవంబర్ 2025, రాత్రి 10:55

అల్లుడుగారూ, ఇవాళ మీ రోజు, కానివ్వండి. ఆయనకి నా నమస్కారాలు చెప్పండి.

బర్క్‌లీ_బాబాయ్
23 నవంబర్ 2025, మధ్యాహ్నం 2:10

వార్త చూశారుగా, విల్కాక్స్‌ని తీసేశారు. మొత్తం 48 గెలుపులు, 55 ఓటములు. మిగిలిన మ్యాచ్‌లకి తాత్కాలిక కోచ్‌గా నిక్ రోలోవిచ్ చూసుకుంటాడట.

ఫణీ, నువ్వు అడిగినదానికి జవాబు కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. మన జట్టు చివరిసారి రోజ్ బౌల్ (సీజన్ చివర మంచి జట్లాడే పేరున్న మ్యాచ్) ఆడింది 1959 జనవరిలో. అంటే ఈ థ్రెడ్‌లో ఉన్న చాలామంది అమ్మానాన్నలకి అప్పటికి పెళ్లిళ్లు కూడా కాలేదు. 2004లో క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసిరి దాడి నడిపేవాడు) ఆరన్ రాడ్జర్స్ ఉన్నాడు, 10-1 రికార్డు ఉంది, ఓడిన ఆ ఒక్క మ్యాచ్ కూడా నంబర్ వన్ యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) మీద. అయినా ఓట్ల లెక్కలో టెక్సాస్ మనల్ని దాటి రోజ్ బౌల్‌కి వెళ్లింది. మనం హాలిడే బౌల్‌కి వెళ్లి టెక్సాస్ టెక్ చేతిలో ఓడాం. 2007లో రెండో ర్యాంకులో ఉన్నాం. ఆ రోజే నంబర్ వన్ జట్టు ఓడిపోయింది, మనం గెలిస్తే శిఖరం మనదే. ఆఖరి సెకన్లలో మన కుర్ర క్వార్టర్‌బ్యాక్ బంతి బయటికి విసిరి గడియారం ఆపకుండా పరుగెత్తాడు, టైమవుట్లు లేవు, మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ కిక్ కొట్టే టైమే మిగల్లేదు. ఒరెగన్ స్టేట్ 31, మనం 28. ఆ తర్వాత జట్టు మళ్లీ ఆ ఎత్తుకి రాలేదు.

ఇవి దురదృష్టాలు, సరే. కానీ 2010 సెప్టెంబర్ సంగతి దురదృష్టం ఖాతాలో రాయలేం. ఒక పక్క స్టేడియం మరమ్మతుకి కోట్లకి కోట్లు అప్పు తెస్తూ, ఇంకో పక్క డబ్బుల్లేవని బేస్‌బాల్, జిమ్నాస్టిక్స్, మహిళల లక్రాస్ ఎత్తేస్తామన్నారు. రగ్బీ స్థాయి తగ్గిస్తామన్నారు. ఆ బేస్‌బాల్ జట్టుని మాజీ ఆటగాళ్లు, దాతలు దాదాపు కోటి డాలర్లు పోగేసి నిలబెట్టారు. అదే జట్టు 2011లో ఒమాహా వెళ్లి కాలేజ్ వరల్డ్ సిరీస్ ఆడింది! రద్దు చేసిన జట్టు అన్నమాట అది. అభిమానులు చేయగలిగింది ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ఎందుకు తోచదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పుస్తకాల_పురుగు
23 నవంబర్ 2025, సాయంత్రం 5:31

నేను పీహెచ్‌డీ స్టూడెంట్‌ని, మీ అందరికీ కోపం వచ్చే మాటే చెప్తాను. యూనివర్సిటీ ఉన్నది చదువుకి. బర్క్‌లీకి పేరు తెచ్చింది నోబెల్ బహుమతులు, టచ్‌డౌన్లు కావు. 2013లో వచ్చిన లెక్క బాబాయ్ గారు మర్చిపోయినట్టున్నారు: కాల్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల గ్రాడ్యుయేషన్ రేటు 44 శాతం, పెద్ద కాన్ఫరెన్సుల జట్లన్నిటిలో అట్టడుగు. మీరు మెచ్చుకునే ఆ మంచి రోజుల ఫలితమే అది. పైవాళ్లు అప్పటినుంచి ఆచితూచి అడుగేస్తే తప్పేముంది?

బర్క్‌లీ_బాబాయ్
23 నవంబర్ 2025, సాయంత్రం 6:04

మర్చిపోలేదు నాయనా, సిగ్గుపడ్డాం. చదువు సంగతి తర్వాత చక్కబెట్టారు, అందులో విల్కాక్స్‌కీ భాగం ఉంది. అయితే ఆచితూచి అడుగేయడం వేరు, అడుగే వేయకపోవడం వేరు. పక్కనున్న స్టాన్‌ఫర్డ్ 2012 సీజన్ నుంచి నాలుగేళ్లలో మూడుసార్లు రోజ్ బౌల్ ఆడింది. వాళ్ల పిల్లలు చదువుకోలేదా?

స్టాన్‌ఫర్డ్_అల్లుడు
23 నవంబర్ 2025, సాయంత్రం 6:09

ఈ మాటని ప్రింటు తీసి మామగారి ఫ్రిజ్ మీద అంటిస్తున్నాను.

లెక్కలోడు
23 నవంబర్ 2025, రాత్రి 9:20

ఎమోషన్ కాసేపు పక్కన పెట్టి డబ్బులు చూద్దాం, అసలు రోగం అక్కడుంది.

స్టేడియం 1923లో కట్టారు, హేవర్డ్ ఫాల్ట్ సరిగ్గా మైదానం కిందనుంచి పోతుంది. భూకంపం వస్తే పశ్చిమ స్టాండు జనంతో సహా కూలే ప్రమాదం. బాగుచేయక తప్పదు, అక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. 2012లో తిరిగి తెరిచేసరికి ఒక్క స్టేడియం ఖర్చే సుమారు 32 కోట్ల డాలర్లు. పక్కనే కట్టిన ట్రైనింగ్ సెంటర్ అదనం. ఈ అప్పు తీర్చే ప్లాన్ ఏంటంటే, మంచి సీట్ల మీద దశాబ్దాల హక్కుని భారీ ధరకి ముందే అమ్మడం. 2008 మాంద్యం వచ్చింది, జట్టు ఓడటం మొదలెట్టింది, ఆ సీట్లు అనుకున్నన్ని అమ్ముడుపోలేదు. అప్పు మాత్రం అలాగే ఉంది. కొన్ని బాండ్ల గడువు 2113 దాకా. మనవళ్ల మనవళ్లు కూడా కడతారన్నమాట. 2018లో చాన్స్‌లర్ కెరొల్ క్రిస్ట్ ఆ భారంలో భూకంప భద్రత వాటాని క్యాంపస్ ఖాతాకి మార్చేదాకా మొత్తం అథ్లెటిక్స్ నెత్తి మీదే ఉంది.

ఇల్లు కట్టడానికి ఊరంతా అప్పు చేసి, తీరా పొయ్యి మీద పెట్టడానికి బియ్యం లేనట్టుంది మన పరిస్థితి. భవనం ఉంది, కోచింగ్ స్టాఫ్ జీతాలకీ ఆటగాళ్లకీ వచ్చేసరికి చేతులు ముడుచుకుంటారు.

ఇక 2022 జూన్ 30. యూఎస్‌సీ, యూసీఎల్ఏ కలిసి మనమూ ఉన్న పాక్-12 కాన్ఫరెన్స్‌ని వదిలి బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌కి వెళ్తున్నామని ప్రకటించాయి. యూసీఎల్ఏ మన సొంత యూనివర్సిటీ వ్యవస్థలోదే, అన్నదమ్ముల్లాంటి క్యాంపస్. తర్వాత ఏడాది ఆగస్టులో ఒరెగన్, వాషింగ్టన్ కూడా పోయాయి. మిగతావాళ్లూ పోగా మనం, స్టాన్‌ఫర్డ్, ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మిగిలాం. 2023 సెప్టెంబర్ 1న ఏసీసీ కాన్ఫరెన్స్ తలుపు తీసింది, అదీ టీవీ డబ్బులో 30 శాతం వాటాకి ఒప్పుకుంటేనే. ఏడేళ్ల పాటు అంతే, పూర్తి వాటా పదో ఏడుకి గానీ రాదు. పసిఫిక్ ఒడ్డున ఉన్నవాళ్లం అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో మయామీకీ టల్లహాసీకీ విమానాలెక్కి తిరుగుతున్నాం. మన తిప్పలు చూసి, యూనివర్సిటీ వ్యవస్థని నడిపే రీజెంట్స్ యూసీఎల్ఏ చేత ఏటా కోటి డాలర్లు మనకి ఇప్పించారు, అభిమానులు దానికి 'కాలిమోనీ' అని పేరు పెట్టారు. విడాకుల భరణం!

నా ప్రశ్న ఒక్కటే. యూఎస్‌సీ వెళ్లిపోయాక పధ్నాలుగు నెలల టైముంది. ఆ టైములో మన అథ్లెటిక్ డైరెక్టర్ జిమ్ నోల్టన్, చాన్స్‌లర్ ఆఫీసు ఏం చేశారు? బయటినుంచి చూసినవాడికి ఇల్లు కాలుతుంటే కాన్ఫరెన్స్ కమిషనర్ వైపు చూస్తూ కూర్చున్నట్టే కనిపించింది.

ఒంగోలు_గిత్త
24 నవంబర్ 2025, ఉదయం 7:45

డల్లాస్ నుంచి ఒక మాట. లెక్కలోడు అన్నా, 30 శాతం అని ఏడుస్తున్నారు కదా, మా ఊరి ఎస్ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) ఏసీసీలోకి తొమ్మిదేళ్లు టీవీ డబ్బు సున్నాకి ఒప్పుకుని వెళ్లింది. సున్నా! వాళ్ల దాతలు వారం తిరక్కుండా 10 కోట్ల డాలర్లు పోగేశారు. మొదటి సీజన్‌లోనే, అంటే 2024లో, కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడి, జాతీయ ప్లేఆఫ్‌కి కూడా వెళ్లారు. అదే ఏడాది అదే కాన్ఫరెన్స్‌లోకి వచ్చిన మీరు 6-7, అంటే ఆరు గెలుపులు, ఏడు ఓటములు.

ఒప్పుకుంటాను, ఇక్కడ చమురు డబ్బుంది. కానీ మీ బే ఏరియాలో డబ్బు లేదంటే ఎవరైనా నమ్ముతారా? అడిగేవాడు గట్టిగా అడగాలి, ఇచ్చేవాడికి నమ్మకం కలగాలి. రెండూ లేవు మీ దగ్గర.

కొత్తగ్రాడ్_బేర్
24 నవంబర్ 2025, ఉదయం 11:18

ఒంగోలు అన్నా, ఆ 6-7 గురించి నేను చెప్తా, ఎందుకంటే ఆ ఏడాది నేను స్టూడెంట్ సెక్షన్‌లో ఉన్నా.

2024 శరదృతువులో క్యాంపస్ ఎలా ఉండేదో మీరెవరూ ఊహించలేరు. కాల్ అభిమానులు సోషల్ మీడియాలో పెట్టిన కాల్‌గరిథమ్ మీమ్స్ గుర్తున్నాయా? దేశమంతా మా మీద వేసే జోకుల్ని మేమే తీసుకుని తిరగేసి వాళ్ల మీదకే వదిలాం. యూనివర్సిటీ రూపాయి ఖర్చు పెట్టలేదు. ఆ గోల చూసే అక్టోబర్ 5న ఈఎస్‌పీఎన్ టీవీ షో కాలేజ్ గేమ్‌డే మొదటిసారి బర్క్‌లీకి వచ్చింది. క్యాంపస్‌లోని మెమోరియల్ గ్లేడ్‌లో గడ్డి తడిసి ముద్దయి ఉంది, తెల్లవారుజామున చలికి దుప్పట్లు కప్పుకుని బోర్డులు రాసుకుంటూ కూర్చున్నారు జనం. ఒక స్టూడెంట్ ఫీల్డ్ గోల్ కొట్టి లక్ష డాలర్లు గెలిస్తే గ్లేడ్ మొత్తం అతని మీద పడింది. రాత్రి మయామీ మీద మూడో క్వార్టర్‌లో 35-10. నా పక్కనున్నవాడు అప్పటికే గొంతు పోయి సైగలు చేస్తున్నాడు. తర్వాత ఒక్కో టచ్‌డౌనూ తింటూ, మన క్వార్టర్‌బ్యాక్ మెండోజాని తల దగ్గర గుద్దినందుకు జరిగిన టార్గెటింగ్ రివ్యూ మనకి రాక, 39-38తో ఓడాం.

ఆ సీజన్ ఏసీసీలో వరసగా ఫ్లోరిడా స్టేట్ 14-9, మయామీ 39-38, పిట్ 17-15, ఎన్‌సీ స్టేట్ 24-23. నాలుగు ఓటములు, కలిపితే తేడా తొమ్మిది పాయింట్లు! ఒక మంచి కిక్కర్ ఉంటే చాలు అన్నంత దగ్గర.

సీజన్ అయ్యాక ఫెర్నాండో మెండోజా ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి (వేరే కాలేజీకి మారాలనుకునేవాళ్ల జాబితా) వెళ్లిపోయాడు. బిగ్ గేమ్‌లో 98 గజాల డ్రైవ్ నడిపి గొడ్డలి నిలబెట్టినవాడు. మన హాస్ బిజినెస్ స్కూల్లో మూడేళ్లలో డిగ్రీ ముగించిన కుర్రాడు, పుస్తకాల పురుగు గారూ, ఇది మీకోసం చెప్తున్నా. ఇప్పుడు ఇండియానాలో ఏం చేస్తున్నాడో టీవీ పెడితే తెలుస్తుంది. జేడన్ ఓట్ కూడా పోయాడు, ఓక్లహోమాకి. మేం తెచ్చిన ఊపుని పైవాళ్లు అందుకోలేకపోయారు, మిగతావన్నీ సాకులు.

పుస్తకాల_పురుగు
24 నవంబర్ 2025, మధ్యాహ్నం 12:40

హాస్ మాట ఒప్పుకుంటున్నాను. కానీ డిగ్రీ చేతికొచ్చిన కుర్రాడు ఇంకో ఊళ్లో అవకాశం చూసుకుంటే దానికి చాన్స్‌లర్ ఏం చేస్తారు?

కొత్తగ్రాడ్_బేర్
24 నవంబర్ 2025, మధ్యాహ్నం 12:46

ముందు కాపాడే లైన్‌మెన్‌ని ఇచ్చి ఉండొచ్చు. 2024లో అతను నిలబడి ఉన్నదానికంటే నేల మీద పడి ఉన్నదే ఎక్కువ.

ఈతపాప_అమ్మ
24 నవంబర్ 2025, రాత్రి 8:02

అందరూ ఫుట్‌బాల్ ఫుట్‌బాల్ అంటున్నారు. మా పాప క్లబ్ స్విమ్మర్, ఇంట్లో మేం చూసేది ఈత. కాల్ మగపిల్లల స్విమ్మింగ్ జట్టు 2022, 2023 రెండేళ్లు వరసగా ఎన్‌సీఏఏ జాతీయ కాలేజీ టైటిల్ గెలిచింది. ఒలింపిక్స్‌కి ఈ యూనివర్సిటీ నుంచి వెళ్లేవాళ్లని లెక్కపెడితే కొన్ని దేశాల జట్ల కంటే బాగుంటుంది. నిబద్ధత లేదంటున్నారు, ఇది నిబద్ధత కాదా?

అలాగని నాయకత్వాన్ని వెనకేసుకు రావట్లేదు. మహిళల స్విమ్మింగ్ కోచ్ అమ్మాయిల్ని మాటలతో హింసించిందన్న ఆరోపణలు 2022 మేలో పత్రికలో వచ్చాయి, విచారణ అయ్యి ఆమెని తీసేసరికి 2023 జనవరి. ఓడిపోతే కోచ్‌ని తీయడానికి ఒక్క రాత్రి చాలింది. ఆడపిల్లలు ఏళ్ల తరబడి చెప్పుకున్నది వినడానికి మాత్రం పత్రికలో రావాల్సొచ్చింది. నా దృష్టిలో నాయకత్వం పరీక్ష అది.

బర్క్‌లీ_బాబాయ్
24 నవంబర్ 2025, రాత్రి 8:30

అమ్మా, మీ మాటకి ఎదురు లేదు.

మోడరేటర్
25 నవంబర్ 2025, ఉదయం 9:00

రాత్రి ఇద్దరు సభ్యులు కోచ్ కుటుంబం గురించి రాసినవి తీసేశాను. ఆట మీద, పాలన మీద ఎంతైనా తిట్టుకోండి, ఇళ్లలోకి వెళ్లొద్దు. ఎస్ఎంయూ మ్యాచ్ కోసం వేరే థ్రెడ్ ఉంది.

టైట్‌వాడ్_కొండమీద
30 నవంబర్ 2025, ఉదయం 10:15

మాట్లాడకుండా చదువుతున్నాను ఇన్నాళ్లూ. నిన్న స్టేడియం పక్కనున్న కొండ మీదనుంచే చూశాను, ఎప్పటిలాగే టికెట్ లేకుండా. మనవాళ్లు స్కోరు చేసినప్పుడల్లా పక్కనే ఫిరంగి పేలుతుంది, చెవులు గింగురుమంటాయి, కింద స్టేడియంలో ఖాళీ సీట్లు ఎన్నో మాకే బాగా తెలుస్తాయి. ఎస్ఎంయూ మీద 38-35! కోచ్ లేని జట్టు, ర్యాంకులో ఉన్న ఎస్ఎంయూని కాన్ఫరెన్స్ ఫైనల్‌కి వెళ్లకుండా ఆపింది. ఒంగోలు గిత్తా, ఉన్నావా తమ్ముడూ?

ఒంగోలు_గిత్త
30 నవంబర్ 2025, ఉదయం 10:40

ఉన్నా అన్నా. తలుపేసుకుని ఉన్నా.

ఫ్రీమాంట్_ఫణి
4 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 1:25

కొత్త కోచ్ తోష్ లుపోయ్. ఒరెగన్ డిఫెన్సివ్ కోఆర్డినేటర్, మన పాత ఆటగాడు. ఏమంటారు?

బర్క్‌లీ_బాబాయ్
4 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 2:50

ఏమంటాను, నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. 2012 జనవరిలో, కొత్త ఆటగాళ్లు సంతకాలు పెట్టడానికి రోజులు మిగిలుండగా మనల్ని వదిలి వాషింగ్టన్‌కి పోయినవాడు ఇతనే. షాక్ థాంప్సన్ లాంటి కుర్రాళ్లు అతని వెంటే జారిపోయారు. అంతకు ముందు 2010లో ఒరెగన్ మ్యాచ్‌లో మన కుర్రాడిని దెబ్బ తగిలినట్టు పడిపొమ్మని చెప్పి ఒక మ్యాచ్ సస్పెన్షన్ కూడా తిన్నాడు. ఆ రోజు ఒరెగన్‌ని 15 పాయింట్లకి కట్టడి చేశామనుకోండి, అది వేరే సంగతి.

అయినా నాకు నచ్చింది. ఆటగాళ్లని ఒప్పించి తీసుకురావడంలో అతన్ని మించినవాళ్లు తక్కువ. మనల్ని ముంచింది కూడా ఆ గుణమే కదా. ఇంకోటి, ఈసారి ఎంపిక చేసింది పాత కమిటీలు కావు. నోల్టన్ జూలైలో దిగిపోయాడు. చాన్స్‌లర్ రిచ్ లయన్స్ ఇక్కడే చదువుకున్నవాడు. మార్చిలో రాన్ రివేరాని ఫుట్‌బాల్ జనరల్ మేనేజర్‌గా పెట్టి నేరుగా తనకే జవాబుదారీ చేశాడు. రివేరా ఒకప్పటి కాల్ లైన్‌బ్యాకర్, కరోలినా పాంథర్స్‌ని సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లిన కోచ్. ఇన్నేళ్లలో మొదటిసారి, తప్పు జరిగితే ఎవరిని అడగాలో తెలుస్తోంది.

లెక్కలోడు
4 డిసెంబర్ 2025, సాయంత్రం 4:12

బాబాయ్, పేర్లు బాగున్నాయి. చెక్కు ఎంత? జూన్‌లో కోర్టు ఒప్పుకున్న హౌస్ సెటిల్‌మెంట్ (ఆటగాళ్లు వేసిన దావాలో రాజీ) ప్రకారం యూనివర్సిటీ తన ఆటగాళ్లకి ఏటా 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచొచ్చు. పంచాలని లేదు, పంచొచ్చు. పెద్ద జట్లన్నీ ఆ గీత దాకా వెళ్తున్నాయి. మనం 30 శాతం టీవీ వాటాతో ఎంతవరకు వెళ్తామో చూస్తే నిబద్ధత ఎంతో తెలిసిపోతుంది. మన క్వార్టర్‌బ్యాక్, హవాయి కుర్రాడు జేకేఎస్ మొదటి ఏడాదే స్టార్టర్. అతన్ని నిలబెట్టుకుంటారా, లేక మెండోజా కథే మళ్లీనా?

కొత్తగ్రాడ్_బేర్
13 డిసెంబర్ 2025, సాయంత్రం 6:10

మెండోజాకి హైస్మన్, దేశంలో బెస్ట్ కాలేజీ ఆటగాడికిచ్చే ట్రోఫీ. ఇండియానా చరిత్రలో మొదటిది. 13-0. దేశంలో అత్యధిక ఓటముల రికార్డు మోసిన యూనివర్సిటీ అది, రెండేళ్ల కిందట ఒక్క సరైన కోచ్‌ని తెచ్చి, వెనక డబ్బు పెట్టి నిలబడ్డారు. మాది ప్రభుత్వ యూనివర్సిటీ, మాకు చదువే ముఖ్యం అనే సాకులన్నీ వాళ్లకీ ఉన్నాయి కదా.

చాలా సంతోషంగా ఉంది వాడి కోసం. టీవీ మాత్రం కట్టేశా.

స్టాన్‌ఫర్డ్_అల్లుడు
13 డిసెంబర్ 2025, సాయంత్రం 6:25

ఇవాళ ఎగతాళి చేయను తమ్ముడూ. నిజంగా.

టైట్‌వాడ్_కొండమీద
25 డిసెంబర్ 2025, ఉదయం 11:30

హవాయి బౌల్ కూడా పోయింది, హవాయి యూనివర్సిటీ చేతిలో 35-31. రోలోవిచ్ తన పాత కాలేజీ మీదే ఓడాడు. 7-6తో సీజన్ ముగిసింది. జేకేఎస్ సొంత ఊళ్లో ఆడాడు, ఉంటాడనే అంటున్నారు.

ఈతపాప_అమ్మ
26 డిసెంబర్ 2025, ఉదయం 9:50

లెక్కలోడు గారూ, మీరు చెప్పిన ఆ 2 కోట్ల 5 లక్షలు ఎక్కడినుంచి వస్తాయి? ముప్ఫై దాకా జట్లున్న యూనివర్సిటీ ఇది. ఫుట్‌బాల్‌కి గట్టిగా నిలబడండి అని మీరంతా అడుగుతున్నారు, సబబే. కానీ 2010లో ఏం జరిగిందో బాబాయ్ గారే రాశారు. ఈసారి ఏ జట్టు పేరు చదువుతారు? ఈత, రోయింగ్, వాటర్ పోలో?

లెక్కలోడు
26 డిసెంబర్ 2025, ఉదయం 10:35

అమ్మా, సూటిగా చెప్తున్నాను. ఫుట్‌బాల్ సంపాదిస్తేనే మీ ఈత కొలనులో నీళ్లుంటాయి. స్టేడియం నిండకపోతే కోత తప్పదు, నిండితే తప్పొచ్చు.

ఈతపాప_అమ్మ
26 డిసెంబర్ 2025, ఉదయం 10:48

2012లో స్టేడియం కట్టేటప్పుడూ ఇదే చెప్పారండీ, సీట్లు అమ్మితే అన్నీ సర్దుకుంటాయని. ఈసారి ఏ జట్టునీ ఎత్తేయబోమని చాన్స్‌లర్ చేత రాతపూర్వకంగా చెప్పించండి, అప్పుడు మీ ఫుట్‌బాల్ నిధికి మా ఇంటినుంచి కూడా చెక్కు వస్తుంది.

లెక్కలోడు
26 డిసెంబర్ 2025, ఉదయం 11:02

సరే, ఉత్తరం డ్రాఫ్టు నేను రాస్తాను. సంతకం పెట్టేవాళ్లు కింద పేర్లివ్వండి. పుస్తకాల పురుగు గారూ, మీ ఇంగ్లీషు బాగుంటుంది, ఒకసారి సరిచూస్తారా?

పుస్తకాల_పురుగు
26 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 12:15

చూస్తాను. 44 శాతం సంగతి కూడా ఒక పేరాలో పెట్టాలి, ఆ షరతు మీదే.